విలియము హెర్షెలును ఆయన దుర్భిణులును

దుర్భిణి యెంత పెద్దదైన నంత మేలని సామాన్యముగా నెల్లరును దలంతురు. మా పాఠశాల విద్యార్థులలో ఆకాశమును జూచు వేడుక గలవారు కొందరు, ఎట్టి దుర్భిణిని కొనవచ్చునని మమ్మడుగుచుందురు. ఒక్కడే మోసికొని మేడమీదికి బోదగిన చిన్నదానిని కొనవలయునా, అప్పుచేసియైనను పెద్దదానినే కొనవలయునా, ఇప్పటికి చిన్నది కొని పిమ్మట దానికే మంచి భాగములు చేర్చుకొనవచ్చునా యనునవి వారి సందేహములు. రమారమి రెండువందల యేబది యేండ్లకు పూర్వము ఒక సంగీతోపాధ్యాయునికి గూడ ఈ సందేహములే కలిగెను. అతడు వానికి సమాధానమును తన చేతులతోడను, తన ధనముతోడను, తన చెల్లెలి కష్టముతోడను వెదకికొనెను. అతని చరిత్రమును, అందును విశేషించి అతని దుర్భిణుల చరిత్రమును, ఇచ్చట వ్రాయుచున్నాము.

విలియము హెర్షెలు 1738 వ సంవత్సరము నవంబరు 15 వ తేదీన జర్మనీదేశములోని హానోవరు పట్టణమున జన్మించెను. తండ్రియైన ఐజాకు సైన్యపు మేళములో ఓబో యను ఊదువాద్యమును వాయించువాడు. ఆయన బిడ్డలకు ధనము నీయజాలకపోయినను సంగీతవిద్యను, నక్షత్రములయెడ కుతూహలమును మాత్రము కొరతలేక యొసగెను. విలియమును చిన్నతనముననే ఆ మేళమున జేరెను. 1757 లో ఫ్రెంచిసేనలు హానోవరు రాజ్యముపై బడినపుడు, తన పందొమ్మిదవ యేట, అతడు ఇంగ్లాండునకు బోయి చేరెను. అచ్చట కొన్నియేండ్లు సంగీతపత్రములకు ప్రతులు వ్రాసియు, పాఠములు చెప్పియు, కచేరీలు నడపియు పొట్టపోసికొని, 1766 లో బాతు పట్టణమందలి ఆక్టగన్ దేవాలయమున ఆర్గను వాయించు నుద్యోగమును సంపాదించెను. బాతు వేడినీటి బుగ్గలకు ప్రసిద్ధిజెందిన యూరు. ధనవంతులు అచ్చటికి విరివిగా వచ్చుచుండిరి. విలియమునకు శిష్యులు పెరిగిరి. వారమునకు ముప్పదికి మించిన పాఠములు చెప్పవలసివచ్చెను.

1772 లో అతడు హానోవరునకు బోయి తన చెల్లెలు కరోలీనును వెంటబెట్టుకొని వచ్చెను. ఆమె వయస్సప్పుడు ఇరువదిరెండేండ్లు. చిన్నతనమున సోకిన విషజ్వరముచే ఎదుగుదల నిలిచి ఆమె మిక్కిలి పొట్టిదై యుండెను. ఆమెను ఇంటిపనికే యుంచదలచిన తల్లి, ఒక పనికత్తెను బెట్టుకొనుటకు విలియము జీతమేర్పరచిన పిమ్మటనే ఒప్పుకొనెను. అన్న ఆమెకు గానము నేర్పెను. బాతులో ఆమె మంచి గాయనియని పేరు సంపాదించుచుండగానే ఇంటిలో మరియొక ముచ్చట ప్రవేశించెను.

విలియము సంగీతశాస్త్రమునుగూర్చి రాబర్టు స్మిత్తు వ్రాసిన గ్రంథమును చదివి, ఆ గ్రంథకర్తయే దృక్శాస్త్రమునుగూర్చి వ్రాసిన మరియొక గ్రంథమును చేపట్టెను. అందు దుర్భిణులు చేయు విధము కలదు. 1773 లో అతడు లండనునుండి కటకములు తెప్పించెను. ఆ కాలమున కటకముల దుర్భిణితో ఎక్కువ పెద్దదిగా జూడవలెనన్న గొట్టము మిక్కిలి పొడవుండవలెను. నాలుగడుగులది చేసెను, పండ్రెండడుగులది చేసెను, తుదకు ముప్పదియడుగుల దానికిని బోయెను. అట్టతో గొట్టములు చేయు పని కరోలీనుకు వచ్చెను. పొడవైన యట్టగొట్టము బిగువుగా నిలువక వంగిపోవుటచే రేకుగొట్టములు చేయింపవలసివచ్చెను. అట్టి గొట్టమును గ్రహమునకు సూటిగ బట్టుటయే యొక యవస్థ. అది దొరకులోపల గ్రహము కదలిపోవును. విసిగి, రెండడుగుల దర్పణపు దుర్భిణి నొకదానిని అద్దెకు దెచ్చుకొనెను. అందు కటకమునకు బదులు పుటాకారమైన లోహపుటద్దము ఆకాశపు వెలుతురును ప్రోగుచేయును. గొట్టము పొట్టిది, చేతికి లోబడునది. ఇకమీదట దర్పణపు దుర్భిణులే యని విలియము నిశ్చయించుకొనెను. హెర్షెలు చేసిన మొదటి యెన్నిక ఇది. దీనికి కారణము సౌకర్యమేగాని పరిమాణముగాదని విద్యార్థులు గమనింపగోరెదము.

కాని అతడు కోరినంత యద్దమును లండనులోని పనివాండ్రు తగినవెలకు చేయమనిరి. బాతులో క్వేకరుమతస్థు డొకడు అద్దములను మెరుగుపెట్టు నభ్యాసమును మానుకొని తన పనిముట్లను అమ్మజూపగా విలియము వానిని కొనెను. అదిమొదలు ఇల్లు కార్ఖానా యయ్యెను. చుట్టములు వచ్చిన కూర్చుండబెట్టు గదిలో వడ్రంగి గొట్టములు చేయుచుండెను. తమ్ముడు అలెగ్జాండరు పడకగదిలో తరిమెనపట్టుపెట్టెను. ఆ కాలపు దర్పణము గాజుది కాదు. రాగియు తగరమును కరగించి పోసిన తెల్లని పెళుసులోహము. దానిని పోసి, రాచి, మెరుగుపెట్టవలెను. మెరుగుపెట్టునపుడు చేయి తీసినచో ఆకారము చెడునని యెంచి, ఒకసారి పదునారుగంటలు విలియము చేయి యెత్తలేదట. కరోలీను ప్రక్కన నిలుచుండి ముద్దలు నోటికందించెను. పని తేలికగా నున్న దినములలో అరేబియారాత్రుల కథలవంటివి చదివి వినిపించుచుండెను. ఆమె పాటకు సాధనచేయవలసిన గంటలన్నియు ఇట్లు గడచిపోయెనని చెప్పక తప్పదు.

1774 మార్చినెలలో ఐదున్నర యడుగుల దుర్భిణితో విలియము శని వలయమును, ఒరాయను మండలములోని నీహారికను జూచి తన దినచర్యలో వ్రాసికొనెను. పిమ్మట ఏడడుగులది, పదియడుగులది, ఇరువదియడుగులది వరుసగ పుట్టెను. ఈ యడుగుల లెక్క అద్దమునుండి వెలుతురు ఒకచోట కూడు దూరమును దెలుపును. గొట్టము పొడవును రమారమి యంతయే యుండును. ఎంత వెలుతురు పట్టుననునది మాత్రము అద్దపు వెడల్పునుబట్టి యుండును. మొదటి యిరువదియడుగుల దుర్భిణి యద్దము పండ్రెండంగుళముల వెడల్పుగలది. దానిని ఒక స్తంభమునకు వ్రేలాడదీసి, విలియము చీకటిలో నిచ్చెనమీద నిలుచుండి చూడవలసియుండెను. ఏడడుగుల దాని యద్దము ఆరంగుళములకు కొంచెము మించినది. అది చక్కని కొయ్యచట్రముమీద నిలిచి, కావలసినచోటికి కదలింపదగి యుండెను.

ఈ కదలింపదగు గుణము హెర్షెలు జీవితమునే మార్చినది. 1779 డిసెంబరునెలాఖరున ఒకరాత్రి చంద్రుడు అతని యింటి ముందువైపున నుండెను. పెరటినుండి కనబడడు. విలియము ఏడడుగుల దుర్భిణిని వీథిలోనికి దెచ్చి చంద్రునిమీది పర్వతములను గొలుచుచుండెను. ఆ దారిన బోవుచున్న పెద్దమనిషి యొకడు ఆగి, తానును చూడవచ్చునా యని యడిగెను. ఆయన విలియం వాట్సను అను వైద్యుడు, లండనులోని రాయల్ సొసైటీ సభ్యుడు. మరునాడే ఆయన కృతజ్ఞత దెలుపుటకు ఇంటికి వచ్చెను. ఆ స్నేహముచేతనే బాతులోని పండితసభలో హెర్షెలునకు ప్రవేశము గలిగెను, అతని వ్యాసములు రాయల్ సొసైటీకి చేరెను. ఇరువదియడుగుల స్తంభపు దుర్భిణియే దిక్కై యున్నచో ఆ రాత్రి అతడు వీథిలోనికి వచ్చియుండునా?

1781 మార్చి 13 వ తేదీరాత్రి పదిగంటలకును పదునొకండుగంటలకును నడుమ, న్యూకింగు వీథిలోని తన యింటి పెరటినుండి, ఆ యేడడుగుల దుర్భిణితోడనే విలియము వృషభ మిథునరాసుల సరిహద్దున నక్షత్రములను వరుసగ పరీక్షించుచుండెను. 227 రెట్లు పెద్దదిగ జూపు కటకముతో చూడగా ఒక చుక్క తక్కినవానివలె బిందువుగాక బిళ్లవలె గనబడెను. ఇంకను హెచ్చురెట్ల కటకములు మార్చి చూచెను. బిళ్ల పెరిగెను, తక్కిన చుక్కలు పెరుగలేదు. నాలుగుదినముల పిమ్మట చూడగా అది చోటుమారి యుండెను. తోకచుక్క యనుకొని అట్లే ప్రకటించెను. గణితజ్ఞులు కక్ష్యను గట్టి చూడగా అది శనికి ఆవల దిరుగు క్రొత్తగ్రహమని తేలెను. అదియే నేటి యురేనసు. చరిత్రకు దెలిసినంతలో దుర్భిణితో కనుగొనబడిన మొదటి గ్రహమది. దానిని అంతకుపూర్వము చూచినవారు లేకపోలేదు, కాని నక్షత్రమని వ్రాసికొని విడిచిరి. హెర్షెలు అద్దపు మెరుగును, దానిపై హెచ్చురెట్ల కటకములను వాడగల నేర్పును వారికి లేకపోయినవి. నేడు అభ్యాసకులు కొను దర్పణపు దుర్భిణులలో ఆరంగుళములవి సామాన్యము. గాజుపై అల్యూమినియము పూత పూసిన ఆ యద్దములు హెర్షెలు లోహముకంటె ఎక్కువ వెలుతురు నిచ్చును, గొట్టమును సుమారు నాలుగడుగులే. అట్టిది చేతనున్నవారు తమది చిన్నదని చిన్నబుచ్చుకొన బనిలేదు.

మనుష్యుని యాశ మాత్రము పరిమాణమువైపే పోవును. ఆ యేడు ఆగస్టులోనే విలియము మూడడుగుల వెడల్పుగల యద్దమును ఇంటి నేలమాళిగలో పోయబూనెను. గుర్రపులద్దెను దంచి జల్లించి మూసకు మన్ను సిద్ధపరచుట కరోలీను వంతయ్యెను. మొదటి యద్దము చల్లారునపుడు పగిలెను. రెండవసారి కొలిమి కారి, కరగిన లోహము రాతినేలమీద పారగా బండలు పేలి పైకప్పువరకు నెగసెను. అన్నదమ్ములును పనివాండ్రును ప్రాణములతో బయటపడిరి.

1782 లో మూడవ జార్జిరాజు హెర్షెలును పిలిపించెను. అతడు ఏడడుగుల దుర్భిణిని పెట్టెలో బెట్టుకొని గ్రీనిచి వేధశాలకు గొనిపోయి అచ్చటి దుర్భిణులతో సరిపోల్చి చూపెను. మాస్కెలీను మొదలగు జ్యోతిష్కులు దాని మేలిమిని ఒప్పుకొనిరి. రాజు ఏటికి 200 పౌనుల భరణ మేర్పరచెను. సంగీతముపై వచ్చుదానికంటె ఇది తక్కువ. అయినను విలియము సంగీతము విడిచి విండ్సరుకోట సమీపమున డాచెటు గ్రామమున గాపురము పెట్టెను. కొరతపడిన సొమ్మునకై దుర్భిణులు చేసి అమ్మెను. కరోలీను గానజీవితము దీనితో ముగిసెను. అప్పుడు ఆమె యిష్టము నెవ్వరును అడుగలేదు.

1783 లో అతడు రెండవ యిరువదియడుగుల దుర్భిణిని నిర్మించెను. దాని యద్దము పందొమ్మిదంగుళములకు కొంచెము తక్కువ. ఏడడుగుల దానికంటె తొమ్మిదిరెట్లు వెలుతురు పట్టును. స్తంభమును నిచ్చెనయు బోయి, చక్రములపై దిరుగు దృఢమైన కొయ్యకట్టడమును, చూచువాడు నిలుచు వేదికయు వచ్చినవి. కట్టడము పూర్తికాకమునుపే అతడు పని మొదలిడెను. ఒక పెనుగాలిరాత్రి అతడు దిగి కాలు నేలమోపినంతనే అంతయు కూలిపడెను. ఆ సంవత్సరము కడపటిరాత్రి మంచులో దుర్భిణిని సరిచేయుటకై కరోలీను పరుగెత్తి, కట్టడమునకున్న ఇనుపకొక్కెముపై బడెను. కొక్కెము మోకాలిపైన తొడలో దిగెను. పనివాడును అన్నయు ఆమెను పైకెత్తునపుడు కండ ఊడి కొక్కెమున నిలిచెను. కొంతసేపటికి మబ్బుపట్టుటచే తన గాయమువలన అన్న పరిశీలనకు నష్టము గలుగలేదని ఆమె పిమ్మట వ్రాసికొని సంతసించినది. ఆ సంతోషమును దలచిన మాకు కష్టమే తోచుచున్నది.

ఆ దుర్భిణితో పనిజరుగు విధ మిట్టిది. గొట్టమును దక్షిణదిక్కునకు నిలిపి, ఒక పనివాడు త్రాటితో మెల్లగా పైకిని క్రిందికిని కదలించును. ఆకాశము తనంతట తాను ఎదుటినుండి జరిగిపోవును. విలియము కనబడినదానిని కేకవేసి చెప్పును. కరోలీను కిటికీయొద్ద దీపము ముందర గడియారమును జూచుచు వ్రాసికొనును. అతని కన్నులు చీకటిని విడువనక్కరలేదు. పగలు ఆమె ఆ లెక్కలను శుద్ధప్రతి వ్రాయును. ఇట్లు ఇరువదియేండ్లకు దగ్గర 1802 వరకు శ్రమించి వారు రెండువేల యైదువందల నీహారికలను, నక్షత్రగుచ్ఛములను మూడుపట్టికలుగా ప్రకటించిరి. అంతకు కొలది సంవత్సరములకు ముందు ఫ్రాన్సులో మెస్యే కూర్చిన పట్టికలో నూటికి కొంచెము మించినవి మాత్రమే యుండెను.

ఇందు పిమ్మటి మార్పులకు జాగా యుండుట ముఖ్యవిషయము. లోహదర్పణము తేమకు నల్లబడును, మరల మెరుగుపెట్టవలెను. కావున హెర్షెలు అద్దములను మార్చిమార్చి బిగించునట్లు చేసికొనెను. ఒకటి మెరుగునకు బోయిన మరియొకటి పనిచేయును. రెండవది ఇంకను చిత్రము. గొట్టములోపల వెలుతురును ప్రక్కకు ద్రిప్పు చిన్నయద్ద మొకటి యుండును. లోహముపై బడిన వెలుతురులో మూడింట నొకవంతు పోవును. రెండద్దములపై బడిన సగమునకు మించి పోవును. 1786 లో అతడు చిన్నయద్దమును దీసివేసి, పెద్దయద్దమును కొంచెము వాల్చి, గొట్టపు మూతియంచుననే నిలుచుండి తిన్నగా లోనికి జూచెను. కాసు ఖర్చులేదు, క్రొత్త దుర్భిణి లేదు. వెలుతురు మాత్రము పెరిగెను. 1787 జనవరి 11 వ తేదీన ఈ యేర్పాటుతోడనే యురేనసునకు రెండు ఉపగ్రహములు గలవని కనుగొనెను.

కరోలీనుకు అన్న చేసియిచ్చిన దుర్భిణి వేరు. దాని యద్దము నాలుగంగుళములకు కొంచెము మించినది, పొడవు రెండడుగుల చిల్లర. రెట్లు తక్కువ, కాని ఒక్కచూపులో ఆకాశము విశాలముగా గనబడును. తోకచుక్కలను వెదకువానికి కావలసినది అదియే. 1786 ఆగస్టు 1 వ తేదీన, అన్న జర్మనీకి బోయియున్నపుడు, స్లౌ గ్రామములోని క్రొత్త యింటినుండి ఆమె ఒక తోకచుక్కను గనిపెట్టెను. 1797 లోపల మొత్తము ఎనిమిది. 1787 లో రాజు ఆమెకు ఏటికి 50 పౌనులు జీతమేర్పరచెను. తన సొంతమని చెప్పుకొనదగిన సొమ్ము ఆమె చేతబడుట అదియే మొదలు.

ఇక నలువదియడుగుల దుర్భిణి. 1785 లో రాజు రెండువేల పౌనులు, పిమ్మట మరి రెండువేలు, పోషణకు ఏటికి రెండువందలు ఇచ్చెను. అద్దపు వెడల్పు నాలుగడుగులు. మొదటి యద్దము పలుచనై వంగెను. పిమ్మటి పోతలో ఒకటి పగిలెను. తుదకు టన్నుబరువున్న యద్దము నిలిచెను. ఇనుపరేకు గొట్టము నేలపై పడియున్నపుడు జనులు దానిలో దూరి నడచిరి. రాజు తానే ముందునడచి, వెనుక తడబడుచున్న కాంటర్బరీ ఆర్చిబిషపునకు చేయియందించి, స్వర్గమునకు దారి చూపెదనని పరిహాసమాడెనట. 1789 ఆగస్టు 28 వ తేదీన ఆ దుర్భిణి శనికి ఆరవ యుపగ్రహమును, సెప్టెంబరులో ఏడవదానిని జూపెను. లోకము మెచ్చెను. స్లౌ గ్రామపు కట్టడము చిత్రపటములలోనికెక్కెను. దూరదేశములనుండి జనులు చూడవచ్చిరి.

చూడవచ్చినవారికి అది వేడుక, చూడవలసినవానికి బరువు. దానిని సిద్ధపరచుటకే తేటరాత్రిలో గొప్పభాగము గడచును. త్రిప్పుటకు ఇద్దరు పనివాండ్రు కావలెను. ఇంగ్లాండు మంచునకు టన్నుబరువు అద్దము త్వరలో నల్లబడును. దానిని దింపి మెరుగుపెట్టుట యొక మహాయత్నము. ఇరువదియడుగులది చూపగలదానికి నలువదియడుగులదానిని దెరచుట కాలవ్యయమని హెర్షెలే నిశ్చయించుకొని, ఏండ్లతరబడి చిన్నదానితోడనే పనిచేసెను. శని యారవ యుపగ్రహమును గూడ 1787 లోనే ఇరువదియడుగుల దానిలో అతడు అనుమానముగ జూచియుండెను. అయినను రాజధనముతో గట్టినదానిని పనికిరానిదని బాహాటముగ జెప్పుటకు అతనికి నోరాడలేదు. చూడవచ్చిన ప్రముఖులకు దానిని చూపుచునే యుండెను. ఆ బిడియమును మేము తప్పుబట్టజాలము; ఆ సొమ్ము గ్రహించినపుడు అతడును పెద్దదియే మేలని మనసార నమ్మినవాడు. 1815 పిమ్మట అది ఊరకుండెను.

1788 లో హెర్షెలు మేరీ పిట్టు అను వితంతువును వివాహమాడెను. 1792 లో జాను అను కుమారుడు గలిగెను. 1800 లో సూర్యకాంతిలో కంటికి గనబడని ఉష్ణకిరణములున్నవని కనుగొనుటయు ఈ హెర్షెలే. 1816 లో నైటు బిరుదము వచ్చెను. 1820 లో, ఎనుబదియవ పడి దాటినపిమ్మట, తాను ప్రక్కనుండి చెప్పుచుండగా కుమారునిచేత ఇరువదియడుగుల దుర్భిణికి క్రొత్త యద్దము చేయించెను. ముప్పదియేడేండ్ల నాటి దుర్భిణి మరల క్రొత్తదయ్యెను. 1822 ఆగస్టు 25 వ తేదీన విలియము హెర్షెలు స్లౌలో మరణించి, సమీపమందలి అప్టను దేవాలయమున సమాధి జేయబడెను. కరోలీను హానోవరునకు మరలిపోయెను.

తండ్రి జూచినది ఉత్తరాకాశమును, ఇంగ్లాండునుండి కనబడునంతవరకే. దక్షిణాకాశమును జూడవలెనని 1833 నవంబరులో జాను కుటుంబముతో ఓడ యెక్కెను. ఇరువదియడుగుల దుర్భిణిని విప్పి పెట్టెలలో సర్దెను, మూడద్దములను వెంటగొనిపోయెను. అందొకటి తండ్రి చేసినది, ఒకటి తండ్రి పర్యవేక్షణమున తాను చేసినది, ఒకటి తానొక్కడే చేసినది. 1834 జనవరిలో ఆఫ్రికా దక్షిణపుకొనయందలి కేపుటవునునొద్ద దిగి, ఫెల్డ్‌హౌసెను అను తోటలో దానిని నిలిపి, నాలుగేండ్లు పనిచేసి, 1838 లో మరల ఇంటికి దెచ్చెను. నలువదియడుగులది స్లౌలోనే యుండిపోయి, కట్టె క్రుళ్లి ప్రమాదముగా నుండుటచే విప్పబడెను. 1840 సంవత్సరాదికి ముందురాత్రి జాను భార్యాబిడ్డలతో ఆ గొట్టములోపల కూర్చుండి, తాను కట్టిన వీడుకోలుపాటను పాడించెను.

కేపులో జూచినదానిని జాను 1847 లో గ్రంథముగ బ్రకటించి, హానోవరులోనున్న మేనత్తకు ఒక ప్రతిని పంపెను. ఆమెకప్పుడు తొంబదియేడేండ్లు. డాచెటు పెరటిలో మంచుకాలపురాత్రుల తాను దీపమునొద్ద కూర్చుండి వ్రాయ మొదలిడిన పట్టిక దక్షిణాకాశముతో పూర్తియై ఆమె చేతికి వచ్చెను. 1848 జనవరి 9 వ తేదీన ఆమె కన్నుమూసెను.